పదిహేడో నంబరు తలుపు

పొయ్యి మీద గిన్నెలో మైదా జిగురు బుడగలు వేయగానే ఆయన మంట తగ్గించి, గరిటెను అడుగు నుంచి పైకి తిప్పసాగాడు. ఎడంచేత్తో గిన్నె అంచును పాతగుడ్డతో పట్టుకున్నాడు. తెల్లదనం పోయి మసక గాజులా మారి, గరిటె నుంచి తెగకుండా సాగేదాకా కలపాలి. తొందరపడి దించితే రెండెండలకి కాగితం ఊడిపోతుంది. ఆలస్యం చేస్తే కుంచెకి గడ్డకడుతుంది. ఆఫీసువాళ్ళు కొనిచ్చిన గమ్ము సీసాలు బీరువాలో మూత తీయకుండా అలాగే ఉన్నాయి. ఆయనకి వాటి మీద నమ్మకం లేదు.

"ఇవాళ అంటించేవేం లేవన్నారుగా," అంది భార్య, తల దువ్వుకుంటూ.

"లేవు."

"మరెవరి కోసం ఈ వంట?"

ఆయన గరిటె తిప్పుతూనే ఉన్నాడు. ఆవిడ జవాబు కోసం అడగలేదు. ఉద్యోగం ఉన్న ప్రతి రోజూ, అంటించేది ఉన్నా లేకపోయినా, ఆయన జిగురు కాస్తాడు. ప్రతి రోజూ ఆవిడ అడుగుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆ గిన్నెలో ఆవిడ పొరపాటున పాలు కాచింది. ఆ రోజు ఇంట్లో జరిగిన రాద్ధాంతం ఇప్పటికీ కూతురికి కథలా చెబుతుంది. కూతురికి పెళ్ళయింది, ఊరికి అవతలి పక్క ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. ఫోను చేసినప్పుడల్లా, "నాన్న వంటయిందా?" అనే అడుగుతుంది.

ఆయన నగర కౌన్సిలులో నోటీసులు అంటించే మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళ నుంచి అదే పని. కాలవ తవ్వాలన్నా, చెట్టు కొట్టాలన్నా, ఒరిగిన గోడ పడగొట్టాలన్నా, వీధి పేరు మార్చాలన్నా ముందు ఆయన వస్తాడు. మనిషి పొట్టి. సంచీ మోసీ మోసీ కుడి భుజం కాస్త కిందికి దిగింది. గోళ్ళ చుట్టూ ఎప్పుడూ ఎండిన జిగురు పెచ్చులు. దూరం నుంచి ఆయన సైకిలు కనబడగానే జనం మొహాలు మారిపోతాయి. కొంతమంది గబుక్కున తలుపు వేసేసుకుంటారు. మూసిన తలుపుకి కాగితం ఇంకా చక్కగా అంటుకుంటుందన్న సంగతి వాళ్ళకి తట్టదు. పిల్లలు మాత్రం "జిగురు బాబాయ్" అంటూ సైకిలు వెంట పరిగెత్తేవాళ్ళు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఇళ్ళకి యజమానులయ్యారు, ఇప్పటికీ ఆయన్ని అలాగే పిలుస్తారు. అసలు పేరు జీతం పుస్తకంలో ఉంది.

జిగురు చల్లారాక మూత ఉన్న డబ్బాలోకి వంపి, కుంచెను తడిగుడ్డలో చుట్టి, రెండూ సంచీలో పెట్టుకుని ఆయన బయల్దేరాడు. భార్య అన్నం డబ్బా సైకిలు హ్యాండిలుకి తగిలించింది. మందు వేసుకున్నారా అని అడిగింది. వేసుకున్నానన్నాడు. ఆవిడ ఆయన చొక్కా జేబు తట్టి, అందులోనే ఉన్న మాత్ర తీసి ఆయన నోట్లో తనే వేసింది.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి కౌన్సిలు సమావేశం. ఆ సమావేశం గురించి పదిహేను రోజులుగా పేపర్లన్నీ రాస్తూనే ఉన్నాయి. ఊరి నడిమధ్యన రాళ్ళు పరిచిన సందు ఒకటుంది. నలభై రెండు ఇళ్ళు. చెక్క వసారాలు, ఇనుప పువ్వుల కటకటాలు, రెండు వందల ఏళ్ళ నాటి గోడలు. పన్నెండేళ్ళ కిందట కౌన్సిలు ఆ సందు చుట్టూ పటం మీద ఎర్రగీత గీసి, అది చారిత్రక ప్రాంతమని తీర్మానించింది. అప్పటి నుంచి అక్కడ కిటికీ రెక్క మార్చాలన్నా అనుమతి కావాలి. ఇప్పుడు ఆ ఎర్రగీతను వెనక్కి జరపాలని ఒక ప్రతిపాదన. జరిపితే ఆ నలభై రెండు ఇళ్ళ చోట ఒక కంపెనీ ఇరవై అంతస్తులు కడుతుంది. దానికి బ్యాంకు ఇచ్చే అప్పుకి కౌన్సిలు హామీగా నిలబడుతుంది. గీత జరిపే ముందు మాత్రం, ఆ సందులో ప్రతి ఇంటి తలుపు మీదా నోటీసు పదిహేను నిండు రోజులు ఉండాలని చట్టం. ఇంటివాళ్ళయినా, అద్దెవాళ్ళయినా వచ్చి తమ మాట చెప్పుకోవచ్చు. నోటీసు అంటించిన మనిషి ఆఖరి రోజున మళ్ళీ వెళ్ళి, అన్నీ ఉన్నాయో లేదో చూసి, సంతకం పెట్టాలి.

ఆ సంతకం కోసమే ఆయన పొద్దున్నే సందులోకి వెళ్ళాడు.

సైకిలు సందు మొదట్లో గోడకి ఆనించి, చిన్న నోటుపుస్తకం తీసి, ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టాడు. ఒక్కో తలుపు దగ్గర ఆగి కాగితం మూలలు బొటనవేలితో నొక్కి చూసి, పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాడు. ముందు వైపు చూస్తే సరిపోయేది. ఆయన మాత్రం ప్రతి ఇంటికీ పక్క గొందిలోంచి వెనక్కి వెళ్ళి, అక్కడ వేరే గుమ్మం ఉందేమోనని చూసి వచ్చాడు. సందులో అందరికీ అది ఆయన చాదస్తమని తెలుసు. అది ఎందుకన్నది ఆయన భార్యకి ఒక్కదానికే తెలుసు.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, వాన కురుస్తున్న రోజున, ఇంట్లో కూతురికి జ్వరం కాస్తోంటే, ఒక ఇంటికి గోడ పడగొట్టే నోటీసు అంటించడానికి వెళ్ళాడు. ముందు గేటుకి తుప్పు పట్టిన తాళం ఉంది. గేటుకే అంటించి, అందినట్టు రాసి, తొందరగా ఇంటికి వచ్చేశాడు. ఆ ఇంట్లో ఉండేవాళ్ళు వెనక వీధిలోంచి రాకపోకలు చేస్తారు. ఇరవై రోజుల తర్వాత గోడ పడగొట్టడానికి మనుషులు వెళ్ళినప్పుడు, రేడియోలు బాగుచేసే ఒకాయన సగం గడ్డానికి సబ్బు నురగతో బయటికి వచ్చాడు. "మాకెవరూ చెప్పలేదే," అన్నాడు. అరవలేదు, పోట్లాడలేదు. ఆ ఒక్క మాటే అని, లోపలికి వెళ్ళి రేడియోలు బయట పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పనివాళ్ళ మధ్య నిలబడి ఉన్న ఈయన నోరు విప్పలేదు. వారం రోజుల తర్వాత భార్యకి చెప్పాడు. ఆవిడ చేతిలో పని పక్కన పెట్టి వింది. తర్వాత, "ఇకముందు వెనక వైపు కూడా చూడండి," అంది.

పదహారు తలుపులు సరిగ్గా ఉన్నాయి. పదిహేడో నంబరు దగ్గర ఆయన పెన్సిలు ఆగిపోయింది.

తలుపు కొత్తగా నీలం రంగులో మెరుస్తోంది. అడుగున జానెడు మేర కొత్త చెక్క. కాగితం లేదు.

ఆ ఇంటావిడ పుస్తకాల బైండింగు చేస్తుంది. డెబ్భై దాటింది. భర్త పోయాక ఆ పని వదలకుండా ఒక్కతే నడుపుకొస్తోంది. ఆ సందులోకి వచ్చినప్పుడల్లా ఆయన ఆగి నీళ్ళు తాగేది ఆవిడ ఇంట్లోనే. ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు కానీ, ఇద్దరూ అక్కా తమ్ముళ్ళ వరస కలుపుకుని పాతికేళ్ళు దాటింది.

"కాగితమేదక్కా?"

"భద్రంగా ఉంది తమ్ముడూ, ఎక్కడికి పోతుంది?" అంటూ ఆవిడ లోపలికి తీసుకెళ్ళింది. ముందుగదిలో అట్టల వాసన, బంక వాసన. ఇనుప ప్రెస్సు చక్రం తిప్పి, రెండు చెక్కల మధ్య నుంచి నోటీసు తీసింది. ఒక్క ముడత లేదు. చిరిగిన మూల వెనక పల్చటి కాగితం ముక్క అతికి, అతుకు కనబడకుండా సరిచేసింది. ఇన్నేళ్ళలో తను అంటించిన నోటీసును ఇంత అపురూపంగా చూసుకున్న మనిషిని ఆయన చూడలేదు.

జరిగింది ఆవిడ చెప్పింది. తలుపు అడుగు పుచ్చిపోయి ఆరు నెలలైంది. ఇవాళ రేపు అంటూ తిప్పుతున్న వడ్రంగి, నోటీసు అంటించిన నాలుగో రోజున తనంతట తనే వచ్చాడు. వడ్రంగి తనంతట తను రావడం మళ్ళీ ఎప్పటికి జరిగేనో అని తలుపు ఊడదీసి ఇచ్చేసింది. పదకొండు రోజులు గుమ్మానికి దుప్పటి కట్టుకుని గడిపింది. నిన్న సాయంత్రమే తలుపు తెచ్చి బిగించాడు.

"ఇప్పుడు అంటించెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"పదకొండు రోజులు లేదు కదక్కా."

"ఇంతకీ నోటీసు ఎవరికయ్యా? నాకేగా. ఏడుసార్లు చదివాను. కావాలంటే చూడకుండా అప్పజెబుతాను."

అప్పజెప్పింది కూడా, సగం వరకు. ఆయనకి నవ్వొచ్చింది. ఆవిడ నవ్వడం లేదు. ఆ ఎర్రగీత జరగాలని సందులో అందరికంటే ఎక్కువగా కోరుకున్నది ఆవిడే. మోకాళ్ళు మేడ మెట్లెక్కనివ్వడం లేదు. వాన పడితే పైగదిలో అయిదు బకెట్లు పెట్టాలి. కప్పు పెంకులు మార్చాలంటే అవే రకం పెంకులు కావాలని కౌన్సిలు అంటుంది, అవి ఎక్కడా దొరకవు. కంపెనీవాళ్ళు లిఫ్టు ఉన్న ఇల్లు ఇస్తామన్నారు. వాన వస్తుందేమోనని ఆకాశం వంక చూడకుండా ఒక్క రాత్రయినా నిద్రపోవాలని ఉందని ఆవిడ ఆయనతో చాలాసార్లు అంది.

అంతలో వెనక గదుల్లోంచి దర్జీ వచ్చాడు. మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. ఆ ఇంట్లో వెనక రెండు గదుల్లో పన్నెండేళ్ళుగా అద్దెకుంటున్నాడు. భార్యా, మిషనూ, తనూ. మాటలు విని వచ్చినట్టున్నాడు. సూదులు చొక్కాకి గుచ్చుకుని, బల్ల మీద ఉన్న కాగితం తీసుకుని పెదాలు కదుపుతూ చదివాడు. గీత మాట చెవిన పడింది కానీ, పెళ్ళిళ్ళ బట్టల పనిలో పడి ఏ తలుపు మీదా చదవలేదు, అద్దెవాళ్ళకీ పిలుపుందని తెలియదు.

"మూడింటికా? ఇవాళేనా?" అని ఆయన్ని అడిగి, తర్వాత ఇంటావిడ వంక చూశాడు.

ఆవిడ ఖాళీ ప్రెస్సు చక్రాన్ని బిగిస్తోంది. "చెబుదామనే అనుకున్నాను," అంది, చక్రంతో చెప్పినట్టు.

దర్జీ కాగితాన్ని ఉన్నచోటే పెట్టి, అది తిన్నగా ఉందో లేదో చూసి, వెనక్కి వెళ్ళిపోయాడు. కాసేపటికి మిషను చప్పుడు మొదలై, ఆగిపోయింది.

ఆయన నోటుపుస్తకం తీసి నిలబడే రాసుకున్నాడు. ఏం రాస్తున్నావని ఆవిడ అడిగింది. ఉన్నదే రాస్తున్నానన్నాడు.

"రంగు కూడా రాస్తావా?" అంది. ఆ సందులో తలుపులకి గోధుమ రంగే వేయాలని రూలు.

"రంగులు చూసే పని నాది కాదక్కా."

ఆవిడ మెత్తబడలేదు. ఆయన గుమ్మం దిగి కాసేపు నిలబడ్డాడు. ఆ రోజు ఆవిడ నీళ్ళు ఇవ్వలేదు. మిగతా పాతిక తలుపులూ చూసుకుంటూ వెళ్ళాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఆఫీసు రెండో అంతస్తులో. మెట్లు ముప్పై ఎనిమిది. మధ్యలో మలుపు దగ్గర నోటీసు బోర్డు ఉంది. ఏడాదిగా ఆయన అక్కడ ఆగి, బోర్డంతా చదువుతున్నట్టు నటించి, ఊపిరి అందాక పైకెక్కుతాడు. ఆ బోర్డు మీద ఉన్నవన్నీ ఆయన అంటించినవే.

సూపరింటెండెంటు ఆయన కోసమే ఎదురుచూస్తున్నాడు. వయసులో చిన్నవాడు, మంచివాడు. కిందటేడు ఆఫీసులో గుండె పట్టేసినప్పుడు ఆటో కోసం చూడకుండా తన స్కూటరు మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఇతనే. ఆ తర్వాత దూరపు వార్డులు తప్పించి, దగ్గరి పని ఇప్పించింది కూడా ఇతనే. సంతకం పెట్టాల్సిన కాగితం ముందే టైపు చేయించి ఉంచాడు. నలభై రెండు ఇళ్ళకీ నోటీసు పదిహేను నిండు రోజులు ఉన్నట్టు అందులో ఉంది.

ఆయన నిలబడే సంగతి చెప్పాడు. సూపరింటెండెంటు విని, కళ్ళజోడు తీసి, రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

"నలభై రెండిట్లో ఒక్క తలుపు."

"అవునండి."

"అది కూడా మన వైపు తప్పు కాదు. మనం అంటించాం. వాళ్ళు ఊడదీసుకున్నారు."

"అవునండి."

"ఆవిడకి అభ్యంతరం కూడా లేదంటున్నావు."

"ఆవిడకి లేదండి."

బ్యాంకు ఇచ్చిన ఉత్తరం ఇంకా తొమ్మిది రోజులే చెల్లుతుందని సూపరింటెండెంటు చెప్పాడు. ఇవాళ తీర్మానం కాకపోతే మొత్తం పనే ఆగిపోతుందన్నాడు. ముందు తన మీదికి వస్తుందని, తర్వాత ఆయన మీదికి వస్తుందని, అయిదు నెలల్లో రిటైరయ్యే మనిషికి ఇదంతా ఎందుకని అడిగాడు. బెదిరిస్తున్నట్టు కాదు, బతిమాలుతున్నట్టే అడిగాడు. ఆసుపత్రి మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆయనకి కాస్త తేలికగా ఉండేది.

ఆయన ఆ స్కూటరును తలుచుకున్నాడు. తర్వాత దర్జీ పెదాల మధ్య గుండుసూదులను తలుచుకున్నాడు. పెన్ను అడిగి తీసుకుని, కుర్చీ జరుపుకుని కూర్చుని, టైపు చేసిన దాని కింద గుండ్రటి అక్షరాలతో రాశాడు: "పదిహేడో నంబరు ఇంటికి పదకొండు రోజులు తలుపు లేనందున నోటీసు కూడా లేదు. ఆ ఇంటి వెనక గదుల్లో అద్దెకున్న దర్జీకి సంగతి ఈ ఉదయమే తెలిసింది." దాని కింద సంతకం పెట్టాడు.

సూపరింటెండెంటు దాన్ని రెండుసార్లు చదివి, సిరా ఆరేలా ఊదాడు. "నీ అక్షరాలు మాత్రం బాగుంటాయి," అని ఫైల్లో పెట్టాడు.

కౌన్సిలు హాల్లోకి ఆయన బల్లలు మోయడానికి చాలాసార్లు వెళ్ళాడు. సభ జరుగుతుండగా వెళ్ళడం అదే మొదలు. అవసరమైతే పిలుస్తారని సూపరింటెండెంటు చెబితే, ఆఖరి బెంచీ చివర సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎత్తైన కిటికీలు, ఒకటి విడిచి ఒకటి తిరుగుతున్న పంకాలు. ముందు బల్ల మీద కంపెనీవాళ్ళు తెచ్చిన బొమ్మ భవనం ఉంది. దాని చుట్టూ స్పాంజితో చేసిన పచ్చటి చెట్లు, అగ్గిపుల్లంత మనుషులు. ఆయనకి అది నచ్చింది. ఆ మనుషుల్లో మోకాళ్ళు నొప్పి పుట్టని బైండింగు అక్క కూడా ఉందేమోనని కాసేపు చూశాడు.

తొమ్మిదో అంశం వచ్చింది. ఆర్థిక సంఘం అధ్యక్షుడు లేచి అరగంట మాట్లాడాడు. హామీ వల్ల కౌన్సిలుకి వచ్చే నష్టమేమీ లేదన్నాడు, ఉద్యోగాలొస్తాయన్నాడు, పాతబడిన ఇళ్ళు ఎవరి మీదో ఒకరి మీద కూలక ముందే మేలుకోవాలన్నాడు. అందులో అబద్ధం ఏమీ ఉన్నట్టు ఆయనకి తోచలేదు. వెనక వరసలో ఒక కౌన్సిలరమ్మ ఉంటుంది. ప్రతి కాగితాన్నీ స్కేలు పెట్టి ఒక్కో లైనే చదువుతుంది. ఆవిడ లేచి అధ్యక్షా, ఇదేమిటి అని అడిగి, పైకి చదివింది: "తలుపు లేనందున నోటీసు కూడా లేదు."

హాలంతా నవ్వింది. ఎవరు రాశారని మేయరు అడిగాడు. ఆయన సంచీ బెంచీ మీద పెట్టి లేచి నిలబడ్డాడు.

"నువ్వు అంటించావా, లేదా?" అన్నాడు మేయరు.

"అంటించానండి. తలుపుకి అంటించాను. తలుపు వెళ్ళిపోయింది."

మళ్ళీ నవ్వారు. ఆయన నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు. ఇంటావిడకి సంగతి తెలుసు కదా, ఇంకేమిటి ఇబ్బంది అని ఆర్థిక సంఘం అధ్యక్షుడు అడిగాడు.

"ఆవిడకి తెలుసండి. అదే తలుపులోంచి లోపలికెళ్ళే ఇంకో మనిషికి తెలియదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. న్యాయ సలహాదారు వంగి మేయరు చెవిలో ఏదో చెప్పాడు. ఇలాంటి స్థితిలో తీర్మానం చేస్తే రేపు కోర్టులో నిలవదని తర్వాత పైకి కూడా చెప్పాడు. మళ్ళీ నోటీసులు ఇవ్వాలని, పదిహేను రోజుల తర్వాత చూద్దామని మేయరు అన్నాడు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. పదో అంశం వీధి కుక్కల గురించి.

ఆయన బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాడు. గెలిచినట్టు లేదు. ఆకలిగా ఉంది. అన్నం డబ్బా సైకిలుకే వేలాడుతోందని అప్పుడు గుర్తొచ్చింది. మెట్ల మీదుగా దర్జీ పైకి వస్తున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, టేపు మాత్రం మెడలో మర్చిపోయి. ఎవరిదో పెళ్ళి చొక్కా ఇవ్వాల్సి ఉండి ఆలస్యమైందట.

"అయిపోయిందా బాబాయ్?"

"కాలేదు. పదిహేను రోజుల తర్వాత. నువ్వు ఇలాగే చొక్కా వేసుకుని రా. కాకపోతే ముందుగా రా."

దర్జీ తలూపి, మెడ మీది టేపు చూసుకుని, తీసి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగున్నరకి కొత్త నోటీసులు జిరాక్సు మిషను నుంచి వేడివేడిగా వచ్చాయి. సూపరింటెండెంటు కట్ట చేతిలో పెడుతూ, రేపట్నుంచి అంటించు, ముందు ఇంటికెళ్ళు, మొహం బాగాలేదు అన్నాడు. కోపంగా అనలేదు. సరేనండి అన్నాడాయన. అన్నం డబ్బా విప్పి రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు. ఇంకా బోలెడు వెలుతురు ఉంది. జిగురు ఉండనే ఉంది. ఒక్క ఇల్లు చూసుకుని వెళ్దామనుకున్నాడు. పొద్దున ఆవిడ నీళ్ళివ్వకపోవడం ఆయన్ని లోపల ఎక్కడో గీరుతూనే ఉంది.

సందులో ఎండ గోడల పైవరకు ఎక్కిపోయింది. ఆయన ముందు గొందిలోంచి వెనక్కి వెళ్ళి, కిటికీలోంచి దర్జీకి ఒక కాపీ చేతికిచ్చి, అది ఎక్కడ పెట్టాడో చూసి, తర్వాత ముందు గుమ్మానికి వచ్చాడు.

"అక్కా, రంగు ఆరిందా?"

"ఆరింది," అని లోపలి నుంచి వినిపించింది. మనిషి రాలేదు.

ఆయన కుంచె తీసి నీలం రంగు మీద జిగురు రాశాడు. మధ్యలో ఆగి, భుజం గోడకి ఆనించి ఊపిరి పీల్చుకున్నాడు. కాగితం పై అంచు ఆనించి, అరచేత్తో కిందికి రాసుకుంటూ వచ్చాడు. అప్పటికి ఆవిడ వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. కొత్త రంగు మీద ఆ కాగితం వంక చూసింది. సభలో ఏమైందో సందులో అందరికీ అప్పుడే తెలిసిపోయింది.

"నా మీద కోపమా అక్కా?"

"కోపమే."

"పోయేదేనా?"

"చూద్దాం," అంది. ఆయన మొహం పరిశీలనగా చూసి, "ముందు కూర్చో. చెమటలేమిటలా? నీళ్ళు తెస్తాను," అంది.

ఆయన మెట్టు మీద కూర్చుని గుమ్మానికి చేరగిలబడ్డాడు. ఆవిడ లోపలికి వెళ్ళి, కుళాయిలో వేడినీళ్ళు పోయి చల్లనివి వచ్చేదాకా ఆగింది. గ్లాసు నింపుకుని మోకాళ్ళు పట్టుకుంటూ తిరిగొచ్చేసరికి ఆయన ఎదుటి గోడ వంక చూస్తూ కూర్చుని ఉన్నాడు. తీసుకో తమ్ముడూ అంది. మళ్ళీ అంది. తర్వాత గ్లాసు కింద పెట్టి, ఆ మెట్టు మీదే ఆయన పక్కన కష్టం మీద కూర్చుంది. దర్జీని పిలిచింది. గట్టిగా కాదు, ఏదో పని ఉన్నట్టు, మామూలుగానే పిలిచింది.

మూడో రోజు పొద్దున్న ఆయన భార్య అలవాటుగా లేచి, పొయ్యి దగ్గర చాలాసేపు నిలబడి, చివరికి తనే జిగురు కాచింది. నలభై ఒక్క నోటీసులు మిగిలిపోయాయని సూపరింటెండెంటు ఆ ముందు రోజు అన్నాడు, ఊరికే మాటల్లో. కూతురు డబ్బా తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చింది. సూపరింటెండెంటు ఇంకెవరికీ పని పురమాయించకుండా తనే సందుకి వెళ్ళాడు. వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోతుంటే, చొక్కా ముందంతా మరకలు చేసుకుని, సాయంత్రందాకా అంటించాడు. ప్రతి ఇంటికీ వెనక్కి కూడా వెళ్ళి చూశాడు.

బ్యాంకు ఉత్తరం గడువు దాటిపోయింది. రెండోసారి సమావేశానికి కుర్చీలు చాల్లేదు. దర్జీ గంట ముందే వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. మాట్లాడమంటే పన్నెండేళ్ళుగా అక్కడే కుడుతున్నానని, ఇంకెక్కడికి వెళ్ళాలో చెబితే అక్కడికి వెళ్తానని, కానీ చెప్పాలని అన్నాడు. బైండింగు ఆవిడ కూడా చెయ్యి పట్టించుకుని మెట్లెక్కి వచ్చింది. గీత ఉంచితే ఉంచండి, నా కప్పు సంగతి మాత్రం ఎవరు చూస్తారు అని మేయరును నిలదీసింది. ఎర్రగీత ఉన్నచోటే ఉండిపోయింది. సందులో ఇళ్ళ కప్పులకి కౌన్సిలే తక్కువ వడ్డీకి అప్పు ఇప్పించాలని, పెంకులు ఏ రకమైనా ఫరవాలేదని తీర్మానించారు. కంపెనీ ఊరికి ఇంకో పక్కన స్థలం వెతుక్కుంది. వానలు మొదలయ్యే ముందు పదిహేడో నంబరు కప్పు మీద కొత్త పెంకులు పడ్డాయి. లిఫ్టు లేదని ఆవిడ ఇప్పటికీ సణుగుతూనే ఉంటుంది, దర్జీ భుజం పట్టుకుని మేడ మెట్లెక్కుతూ.

ఆయన భార్య ఆ సందుకి వానల తర్వాత ఒకసారి వచ్చింది. ఆయన కూర్చున్న చోటు చూడాలనిపించిందని చెప్పింది. మిగతా తలుపుల మీద నోటీసులు అప్పటికే గీకేశారు. ఆవిడ మెట్టు వంక చూసింది, తర్వాత తలెత్తి తలుపు వంక చూసింది.

"ఇది ఆయన అంటించింది కాదు," అంది. "వంకరగా ఉంది."

"ఆయనే. నేను పక్కనే నిలబడి చూశాను," అంది బైండింగు ఆవిడ.

ఇద్దరూ గుమ్మం ముందు అలాగే నిలబడ్డారు. నీలం తలుపు మీద, కుడివైపు బొటనవేలంత దిగిపోయి, అక్షరాలు సగం వెలిసిపోయి ఉంది ఆ కాగితం.